ఉప్పు తిన్న రేకు

డెట్రాయిట్ నగరం కింద ఉప్పు ఉంది. బస్తాల లెక్కన చెప్పేంత కాదు. వెయ్యి అడుగులకు పైగా లోతున, పైనున్న వీధులకూ ఇళ్ళకూ తెలియకుండా, పదిహేను వందల ఎకరాల మేర తొలిచిన గని. సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడుండి ఎండిపోయిన సముద్రం వదిలేసి వెళ్ళిన ఉప్పు అది. గనిలోకి దిగే షాఫ్టు 1910లో పూర్తయింది, ఇప్పటికీ తవ్వుతున్నారు. లోపల తిరగాల్సిన పెద్ద బళ్ళు ఆ సన్నటి షాఫ్టులో పట్టవు కాబట్టి, పైన ముక్కలుగా విడదీసి దించి, అడుగున మళ్ళీ కూర్చుకుంటారు. ఆ ఉప్పు ముఖ్యంగా వెళ్ళేది వంటిళ్ళకు కాదు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు.

గని ఒక వైపు డియర్‌బోర్న్ దాకా పోతుంది. ఫోర్డ్ వాళ్ళ రూజ్ కర్మాగారం ఉన్నది ఆ డియర్‌బోర్న్‌లోనే. కార్లు పుట్టేది పైన, వాటిని తినేది కింద.

మా గరాజులో నిలబడి ఉన్న 1965 మస్టాంగ్ ఆ రూజ్‌లో పుట్టిందే. బండి నంబరులో మొదటి అంకె ఏడాదినీ, రెండో అక్షరం ఫ్యాక్టరీనీ చెబుతాయి. ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే, టీ అంటే న్యూజెర్సీలోని మెటచెన్. పాత మస్టాంగ్‌లు వెతికేవాళ్ళు ఆర్ కనబడితే కళ్ళకద్దుకుంటారు. ఎండా పొడిగాలీ తప్ప మరేమీ ఎరగని రేకు దొరుకుతుందని ఆశ. నాది ఎఫ్. పుట్టిన ఊళ్ళోనే పెరిగి, అక్కడి చలికాలాలన్నీ ఒంటిమీద వేసుకున్న బండి. రెండు తలుపులు, ఆరు సిలిండర్లు, 200 ఘనపుటంగుళాల ఇంజను. జనం కలవరించే వీ-ఎయిట్ కాదు. రంగు మాత్రం ఫోర్డ్ వాళ్ళ పట్టికలో ‘రంగూన్ రెడ్’. మా ఉత్తరాంధ్ర ఇళ్ళలో రంగూన్ వెళ్ళొచ్చిన తాతల కథలు వినని పిల్లలు తక్కువ. బియ్యం మిల్లుల్లోకీ రేవుల్లోకీ కూలికి ఓడెక్కి పోయినవాళ్ళు వాళ్ళు. అక్కడి ఎరుపు గురించి వాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు. డెట్రాయిట్‌లో రంగులకు పేర్లు పెట్టేవాళ్ళు ఏ పటం ముందు కూర్చుని ఆ ఊరిమీద వేలు పెట్టారో గానీ, ఈ కారు కొనేటప్పుడు నా చేత సగం బేరం ఆ పేరే ఒప్పించింది.

ఇప్పుడు దీన్ని క్లాసిక్ అంటున్నాం గానీ పుట్టినప్పుడు ఇది చవక బండి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనానికి చూపించినప్పుడు ధర 2,368 డాలర్లు. ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబపు కారు విడిభాగాల్ని తీసుకుని, వాటిమీద పొడవాటి ముక్కూ పొట్టి వెనకభాగమూ ఉన్న ఒళ్ళు తొడిగారు. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలు దాటి అమ్ముడుపోయాయి. రెండేళ్ళు నిండకముందే పది లక్షలో కారు తయారైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు, ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు వాయిదాల మీద కొన్నారు. అరవై ఏళ్ళన్న మాట ఆనాడు ఎవరి లెక్కలోనూ లేదు. వాయిదాలు తీరేదాకా మెరిస్తే చాలు, ఆ తర్వాత కొత్త మోడల్ ఎలాగూ వస్తుంది. రేకులు మడిచి మూసేసిన పెట్టెభాగాల లోపలికి రంగు చేరిందా లేదా అన్నది అంత పట్టింపు ఉన్న విషయం కాదు. అమెరికన్ కార్ల బయటి రేకులకు జింకు పూత విస్తారంగా వచ్చింది 1980ల్లో. అంటే నా బండిని బతికించే ప్రయత్నమంతా దాన్ని చేసినవాళ్ళ ఉద్దేశానికి ఎదురు నడవడమే.

రోడ్డు మీద ఉప్పు చల్లడం కూడా మొదటినుంచీ ఉన్న ఆచారం కాదు. మునుపు మంచుమీద ఇసుకా బూడిదా చల్లుకుని, చక్రాలకు గొలుసులు కట్టుకుని, నెమ్మదిగా నడిపేవారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దేశం తీరు మారింది. ఎంత మంచు పడినా రోడ్డు నల్లగా కనిపించాల్సిందే, అందరూ వేళకు ఆఫీసులో ఉండాల్సిందే అన్నారు. అప్పట్నుంచి ఉప్పు వాడకం ఏటికేడు పెరిగి, దేశం మొత్తం మీద ఏడాదికి కోటిన్నర టన్నులు ఎప్పుడో దాటింది. ఇనుముకు తుప్పు పట్టడానికి నీరూ గాలీ చాలు. ఉప్పు చేసే పనల్లా ఆ నీటిలో విద్యుత్తును సులువుగా నడిపించడం. రేకు మీద ఒక చోటినుంచి ఇంకో చోటికి కంటికి కనబడని కరెంటు పారుతుంది. అది బయల్దేరిన చోట ఇనుము కరిగిపోతుంది. ఇక్కడొక విచిత్రం ఉంది. బయట గడ్డకట్టి నిలబడ్డ బండికన్నా, ప్రేమగా వెచ్చటి గరాజులో పెట్టిన బండే తొందరగా తుప్పుపడుతుంది. ఆ వెచ్చదనానికి మంచు కరిగి, ఉప్పునీరై, రాత్రంతా సందుల్లో కూర్చుంటుంది. గారాబం పనికిరాని చోట్లు కొన్ని ఉంటాయి.

మస్టాంగ్‌కు జబ్బు మొదలయ్యే చోటు ఒకటుంది. ముందు అద్దం కింద, బానెట్ వెనక, సన్నటి చీలికల జాలీ. దాన్ని కౌల్ అంటారు. లోపలికి తాజా గాలి రావడానికి ఆ జాలీ కింద రెండు కన్నాలు, వాటి చుట్టూ నిలువు అంచులు. ఆ అంచుల్ని పనివాళ్ళు టోపీలంటారు. జాలీలోంచి పడ్డ వాననీరు టోపీల చుట్టూ తిరిగి, రెండు చివర్ల నుంచీ కిందికి జారిపోవాలని ఏర్పాటు. గీసినవాళ్ళు ఆకులు రాలుతాయన్న సంగతి మరిచారు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్‌లో అక్టోబరు వచ్చిందంటే మేపుల్ చెట్లూ ఓక్ చెట్లూ ఊరంతా పరుస్తాయి. ఆకులు జాలీలోంచి దిగి, తడిసి, కుళ్ళి, నీరు పోయే దారిని మూసేస్తాయి. కొన్నేళ్ళకు టోపీ మొదలు చిల్లులు పడుతుంది. అప్పట్నుంచి వాన వచ్చినప్పుడల్లా నీళ్ళు డ్యాష్‌బోర్డు వెనకనుంచి పాదాల మీద కారతాయి, కార్పెట్టు కింద నిలుస్తాయి, ఫ్లోరు కిందినుంచి కాక పైనుంచి తుప్పుపడుతుంది. ఈ కారు ఫ్లోరు పోయిందంటే ముందు పైకి చూడాలి. కొత్త ఫ్లోరు వేసి కౌల్ వదిలేసినవాళ్ళు కొన్నేళ్ళకు అదే పని మళ్ళీ చేసుకుంటారు.

కౌల్ పై రేకు ఊడదీయాలంటే ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డులను ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలవాలి. అవి వరసగా, దగ్గరదగ్గరగా, లెక్కపెట్టబుద్ధి కానన్ని ఉంటాయి. ఆ బాధ పడలేనివారి కోసం, పాడైన టోపీమీద జిగురుపెట్టి అతికించే ప్లాస్టిక్ మూతలు అమ్ముతున్నారు. నేను వాటిని తప్పు పట్టను. బండి అమ్మేసే ఉద్దేశం ఉన్నవాడికి మాత్రం చాలా బాగా పనికొస్తాయి.

తుప్పు చూడటానికి పైకి చిన్నది. తలుపు కింద రంగు రవ్వంత పొంగి ఉంటుంది, పెసరగింజంత. మా పక్కింటి పెద్దాయన, ఫ్యాక్టరీ లైన్లో పని చేసి రిటైరైనవాడు, వంగి దాన్ని బొటనవేలితో నొక్కి, “కనబడేది పదో వంతు” అన్నాడు. చెద పట్టిన గుమ్మం సంగతి మనకు తెలిసిందే కదా, పైన వార్నీషు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలు పెడితే లోపల మట్టి. ఇదీ అంతే. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే అది పిడిదాకా దిగింది. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే అతుకు పెట్టిన రెండు రేకుల మధ్య చేరిందంటే వాటిని విడదీసి ఉబ్బిస్తుంది, పొరలు పొరలుగా రాలుతుంది.

అసలు పరీక్ష అయస్కాంతంతో. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని బండి ఒంటిమీద నడిపిస్తూ పోతే, మంచి రేకు దగ్గర అతుక్కుంటుంది. ఎక్కడ జారిపోయిందో అక్కడ కింద ఇనుము లేదు, లప్పం ఉంది. వెనక చక్రం మీది వంపులో నా అయస్కాంతం జానెడు మేర జారిపోయింది. ఆ లప్పం గీకితే కింద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, దాని కింద రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకు, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన వార్తాపత్రిక. ఎవరో ఒకప్పుడు అమ్మకానికి ముందు ఒక శనివారం మధ్యాహ్నం చేసిన పని. పైన ఉప్పుకాగితం బాగా పట్టాడు, రంగు కలిసేట్టు కొట్టాడు, చెయ్యి తిరిగినవాడే. కానీ లప్పం తేమ పీల్చుకుంటుంది, వార్తాపత్రిక ఇంకా పీల్చుకుంటుంది. దాచడానికి పెట్టిన సరుకే లోపల తడిని పట్టి ఉంచి మిగిలిన రేకును తినిపించింది. అప్పట్లో తుప్పంతా కోసి ఒక ముక్క వేసి ఉంటే అరచేయంత అతుకుతో పోయేది. లప్పం మీద నాకు కోపం లేదు. వెల్డు గీత కనబడకుండా పైన పలచగా పూయడానికి అంతకన్నా మంచిది లేదు. అది రేకు లేనిచోట రేకులా నటించినప్పుడే పేచీ.

కోయడానికి ముందు చాలా పని ఉంటుంది. మస్టాంగ్‌కు లారీలకున్నట్టు విడిగా ఛాసిస్ లేదు. ఫ్లోరు, తలుపుల కింది పెట్టెలు, గోడలు అన్నీ కలిసే బండి బలం. తలుపు కింది భాగం కోసేస్తే బండి మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపు మళ్ళీ మూసుకోదు. అందుకని ముందు తలుపు చట్రంలో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డు చేసి కట్టుకోవాలి. బ్యాటరీ తీసేయాలి. వెనకవైపు పని అయితే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే, ఎందుకంటే ఈ కార్లలో డిక్కీ ఫ్లోరు అన్నది చాలా భాగం ట్యాంకు పై రేకే. సామాను పెట్టుకునేది పెట్రోలు మీద! ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా తోచలేదు. పాత రంగులో సీసం ఉంటుంది, ఆ కాలపు కార్లలో పైకప్పు రేకూ వెనక రేకూ కలిసే అతుకుల్ని సీసంతోనే నింపేవారు, కాబట్టి మూతికి మంచి మాస్కు లేకుండా గీకకూడదు. జింకు పూత ఉన్న రేకును వెల్డు చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది.

ఇక కోత. తుప్పు అయిపోయిన చోట ఆగితే లాభం లేదు. రేకు తెల్లగా మెరిసే దాకా, ఇంకో అంగుళం లోపలికి పోవాలి. చిల్లు గోళీకాయంత కనిపించినా, మంచి రేకు దొరికేసరికి పుస్తకం పట్టేంత కిటికీ అవుతుంది. మొదటిసారి అలాంటి కిటికీ కోసినప్పుడు ఎవరికైనా గుండె జారుతుంది. కారు బాగుచేస్తున్నామా, ఉన్నదాన్ని లేకుండా చేస్తున్నామా అనిపిస్తుంది. అట్టపెట్టె చింపి ఆ ఖాళీ ఆకారం గీసుకుని, అట్టను రేకు మీద పెట్టి కత్తిరించాలి. ఒంటి రేకులకు 20 గేజి, అంటే మిల్లీమీటరుకు కొంచెం తక్కువ మందం. ఫ్లోరుకు 18 గేజి, ఇంకాస్త మందం. వంపులు సుత్తితోనూ, వెనక ఆనించే ఇనుప దిమ్మతోనూ తేవాలి.

వెల్డింగులో తొందర పనికిరాదు. సన్నటి తీగ, మూడు వంతులు ఆర్గాన్ ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు, తక్కువ వేడి. ఒక చుక్క ఇక్కడ వేస్తే తర్వాతి చుక్క దూరంగా అవతలి మూలన వేయాలి. పక్కపక్కనే వేసుకుంటూ పోతే వేడికి రేకు సాగి, అలలు లేచి, ఆ అలల్ని దించడానికి ఇంకో వారం పడుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య చెయ్యి ఆనించగలిగేంత చల్లారాలి. ఈ ఖాళీ సమయాలే ఈ పనిలో నాకు బాగా నచ్చేవి. చేతిలో ఫోను పట్టుకోవడానికి లేదు, చేతులకు తోలు గ్లవ్స్. తెరిచిన గరాజు తలుపులోంచి వీధి కనబడుతుంది. కుక్కను నడిపించుకుంటూ పోయేవాళ్ళు ఆగుతారు. ఏ సంవత్సరం బండి అని అడుగుతారు. అడిగిన ప్రతివాడికీ ఒక మస్టాంగ్ కథ ఉంటుంది, వాళ్ళన్నయ్యదో, పెళ్ళికి ముందు నాన్నదో, అమ్మేసి ఇప్పటికీ బాధపడేదో. మిషిగన్‌లో పక్కవాళ్ళతో మాట కలపడానికి దీనికి మించిన సాధనం నేను చూడలేదు. పగలంతా నేను చేసేది కార్ల సాఫ్ట్‌వేర్. ఆ పని గురించి ఆగి అడిగినవాడు ఇంతవరకు లేడు.

మా అమ్మ మాత్రం వీడియో కాల్‌లో అడుగుతుంది. “ఏరా, అంత చదువు చదివింది టింకరింగ్ చేయడానికా? అక్కడ మనుషులు దొరకరా?”

“దొరుకుతారమ్మా. వాళ్ళడిగే డబ్బుకి ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది.”

“అయితే ఇంకోటే కొనుక్కోరాదూ. ఆ చేతులు చూడు, ఎలా అయ్యాయో.”

అమ్మ మాటలో డబ్బు లెక్క కన్నా చేతుల లెక్క ఎక్కువ. మా విశాఖపట్నంలో సముద్రపు గాలికి తుప్పు పట్టని ఇల్లు లేదు. కిటికీ ఊచలు, గేటు, నాన్న స్కూటరు ఫుట్‌బోర్డు, అన్నిటికీ అదే గతి. సంక్రాంతికి ముందు గేటుకి రంగు వేయించాలి. వేయించాలి, వేయాలి కాదు. స్కూటరు గాజువాక ఆటోనగర్‌కు పోయేది. అక్కడ టింకరింగ్ చేసే అతను గ్యాస్ మంటతో పాత రేకు కోసి కొత్త ముక్క వేసి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి ఇచ్చేసేవాడు. కళ్ళజోడు లేదు, మూతికి చేతిరుమాలు. అతని చేతిలో ఉన్న విద్యను మేమెవరం విద్య అనుకోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ రికార్డు కోసం ఒక ఇనుప ముక్కను ఆకురాయితో చదరంగా అరగదీసి మార్కులు తెచ్చుకున్నాను, అంతటితో ఇనుముతో నా సంబంధం తీరిపోయింది. ఇక్కడేమో ఆదివారం పూట దంతవైద్యుడు బండి కింద పడుకుని ఉంటాడు, అతని భార్య పానాలు అందిస్తూ ఉంటుంది. ఎవరూ వింతగా చూడరు. ఇది చూసి, ఇక్కడివాళ్ళకు శ్రమ అంటే గౌరవం, మనకు లేదు అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. నేను ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. దంతవైద్యుడిదీ నాదీ సరదా. సోమవారం వచ్చేసరికి మేమిద్దరం చేతులు కడుక్కుంటాం. ఆటోనగర్‌లో అతను సోమవారం కూడా అదే లప్పం దుమ్ము పీల్చాలి. అయితే ఒకటి నిజం. ఒక్క వంపు సరిగా తేవడానికి ఎంత పడుతుందో నా చేతులకు తెలిశాకే, అతను అంత వేగంగా అంత నున్నగా ఎలా చేసేవాడో అని మొదటిసారి ఆశ్చర్యపోయాను. ఆ పనికి మేం బేరమాడేవాళ్ళం.

కోయడానికి వీల్లేని మూలల్లో, చెయ్యి దూరని చోట్ల, తుప్పును మార్చే మందు పూస్తారు. పాల రంగులో ఉంటుంది, పూసిన కాసేపటికి తుప్పు ఎరుపు పోయి నల్లబడుతుంది. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం, కొన్నింటిలో టానిన్. టానిన్ సీసా మొదటిసారి వాడినప్పుడు ఆ నలుపు ఎక్కడో చూసినట్టు అనిపించింది. చూసింది కలంకారీ బట్టల మీద. మన శ్రీకాళహస్తిలో తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. బట్టను కరక్కాయ రసంలో ముందే తడిపి ఉంచుతారు. ఆ ఇనుప నీళ్ళలో ముంచిన కలం బట్టను తాకగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నది టానినే. అమెరికా హార్డ్‌వేర్ దుకాణంలో ప్లాస్టిక్ సీసాలో అమ్మే రసాయనం కృష్ణుడి కనుబొమ గీసే రసాయనమే. అయితే సీసా మీద రాసిన మాటల్ని అక్షరాలా నమ్మకూడదు. అది తుప్పును నలుపు పొరగా మారుస్తుంది, పోయిన ఇనుమును తిరిగి తేదు. చిల్లు నల్లటి చిల్లు అవుతుంది, అంతే.

ఇంకొక తమాషా రెడ్ ఆక్సైడ్. మన ఊళ్ళలో గేటుకి అసలు రంగు వేసేముందు వేసే ఎర్రటి పూత. అందులో ఉండే ఎరుపు ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకు దగ్గరి చుట్టమే. తుప్పు రాకుండా ఉండటానికి తుప్పుపొడినే నూనెలో కలిపి పూస్తున్నామన్నమాట. ఎందుకు పనిచేస్తుందంటే, అది అప్పటికే పూర్తిగా తుప్పయిపోయింది, ఇక మారడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు నేను వాడేది ఎపాక్సీ ప్రైమర్. మంచిదే. కానీ ఆ ఎర్రడబ్బా వాసన దీనికి లేదు.

డెట్రాయిట్ కళాభవనంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932-33లో గీసిన గోడబొమ్మలున్నాయి. నాలుగు గోడలు, ఇరవై ఏడు చిత్రాలు, ఎక్కువ భాగం రూజ్ కర్మాగారమే. ఒక గోడమీద ఇంజన్లు తయారవుతుంటాయి, ఎదుటి గోడమీద బాడీలు. కిక్కిరిసిన ఆ పనివాళ్ళ తలలపైన, భూమిని అడ్డంగా కోసి చూపించినట్టు, ఖనిజాల పొరలు గీశాడు. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, ఇసుక. నిజంగానే రూజ్‌కు సుపీరియర్ సరస్సు వైపునుంచి పడవల్లో ఎర్రటి ఖనిజం వచ్చేది, అక్కడే కరిగి ఉక్కయ్యేది, అక్కడే కారయ్యేది. కారు ఎక్కడినుంచి వచ్చిందో రివేరా చూపించాడు. ఎక్కడికి పోతుందో చూడాలంటే మా గరాజు నేల ఊడ్చాలి. చీపురు కింద పోగయ్యే ఎర్రపొడి దాదాపు ఆ పడవలో వచ్చిన సరుకే. ఇనుముకు సహజమైన రూపం అదే. మనం బొగ్గు తగలేసి, ఆమ్లజని ఊడదీసి, కొన్నాళ్ళు దాన్ని మెరిసే రేకుగా ఉంచుతున్నాం. వదిలేస్తే వెనక్కి నడుస్తుంది.

ఆ ఎరుపు నాకు చిన్నప్పట్నుంచీ పరిచయం. బైలడీలా కొండల ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలను తొలిచి రైలు మార్గం వేశారు. అరకు వెళ్ళే పర్యాటకులు సొరంగాలు లెక్కపెట్టుకునేది ఆ దారిలోనే. ఎర్రటి వ్యాగన్లు విశాఖ రేవుకు దిగేవి, పాతబస్తీలో ఆరేసిన పంచెలు సాయంత్రానికి ఎర్రబడేవి. ఆ ఖనిజం కూడా కరిగిన జపాన్ ఉక్కులోంచి వచ్చిన కార్లే 1970ల్లో డెట్రాయిట్ మార్కెట్టును కొల్లగొట్టాయి. అవి కూడా ఈ ఉప్పు ముందు నిలవలేదు. తొలినాటి జపాన్ కార్ల తుప్పు గురించి మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఉత్సాహంగా చెబుతాడు, తన ఉద్యోగం మీదికి వచ్చినవాటి మీద ప్రకృతి తీర్చుకున్న పగలా. మస్టాంగ్ తయారీ 2004లో డియర్‌బోర్న్‌ను వదిలి ఫ్లాట్ రాక్‌కు మారింది. ఇప్పుడు రూజ్‌లో చేస్తున్న ఎఫ్-150 ట్రక్కుల ఒళ్ళు 2015 మోడల్ నుంచి అల్యూమినియం. దానికి ఈ ఎర్రతుప్పు బాధ లేదు. ఫ్యాక్టరీ ఎట్టకేలకు తన కాళ్ళ కింది ఉప్పుతో రాజీపడిందనాలి.

ఇంత కష్టం ఎందుకని అడిగేవారికి డబ్బు కోణంలో నా దగ్గర జవాబు లేదు. ఈ బండికి దొరకని ముక్క లేదు. ఫ్లోరు, తలుపులు, కౌల్ అన్నీ కొత్తగా అచ్చొత్తి అమ్ముతున్నారు, చాలావరకు తైవాన్ సరుకు. అంతెందుకు, ఫోర్డ్ అనుమతితో తయారైన కొత్త బాడీయే మొత్తంగా కొనుక్కోవచ్చు. పాత బండి ఇంజనూ సీట్లూ దాంట్లోకి మార్చేస్తే రవ్వంత తుప్పు లేని 1965 మస్టాంగ్ సిద్ధం. పాతదాంట్లో ఏం మిగిలితే అది ఆ బండి అవుతుంది? చట్టానికి కావలసింది నంబరు. అది ముందు మడ్‌గార్డు లోపలి రేకుమీద చెక్కి ఉంటుంది, అరచేయంత కూడా ఉండదు.

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ ఉత్తర శివార్లలో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. ఆ రోజు జనం మడతకుర్చీలు వేసుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు, మన ఊళ్ళో రథోత్సవానికి అరుగుల మీద కూర్చున్నంత ఓపికగా. అక్కడికొచ్చే కార్లలో రెండు రకాలు కనబడతాయి. ఒక రకం ట్రెయిలర్ మీద వస్తాయి. ఫ్యాక్టరీనుంచి వచ్చిననాడు కూడా వాటికి అంత నునుపు లేదు. అడుగున అద్దం పెట్టి చూపిస్తారు. వానచుక్క పడితే యజమాని ముఖం మాడిపోతుంది. రెండో రకం సొంత చక్రాల మీద, కొంచెం పొగతో వస్తాయి. తలుపు కింద రంగు ఒక ఛాయ తేడా ఉంటుంది. కిందికి వంగి చూస్తే వెల్డు గీతలు కనబడతాయి, అక్కడక్కడ వంకరగా. అతుకుల బతుకు అన్న మాటను మనం జాలిగా వాడతాం. ఈ రెండో రకం బళ్ళ ముందు ఆ జాలి నాకు కలగదు. ఎవరో ఒకరు ఇక్కడ చెడింది అని ఒప్పుకుని, చెడినంతా కోసి, మిగిలినదానికి కొత్తది కలిపిన గుర్తులవి. నా బండి అడుగున నేను వేసిన అతుకుల్ని నున్నగా అరగదీయలేదు, సీలర్ పూసి రంగు కొట్టి వదిలేశాను. రేపు ఈ బండి కొనేవాడికి ఎక్కడ ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. పైభాగం మాత్రం నునుపుగానే చేశాను. రంగూన్ రెడ్‌లో వంకరలు దాగవు, పైగా మా అమ్మ ఫొటో అడుగుతుంది. ట్రెయిలర్ మీద వచ్చే కార్లను చూసి మెచ్చుకుంటాను గానీ, నా ఓటు అతుకుల బండికే.

మీలో ఎవరికైనా ఇలాంటి పాత కారు మీద మనసుపడితే, కొనేముందు జేబులో అయస్కాంతం వేసుకెళ్ళండి. అమ్మేవాడి అనుమతితో అద్దం కింది జాలీలో గొట్టంతో నీళ్ళు పోసి, లోపల డ్యాష్‌బోర్డు కిందికి టార్చిలైటు వేసి చూడండి. కొన్నాక అక్టోబరులో ఆకులు తీసేయండి, తలుపుల కింది నీటి కన్నాలు పుల్లతో పొడిచి తెరవండి, మూసి ఉన్న పెట్టెభాగాల్లోకి మైనం కొట్టండి. ఉప్పు లారీ మీ వీధిలోకి వచ్చాక మార్చి చివరి వానలు రోడ్డు కడిగేదాకా బండి బయటికి తీయకండి. తీయక తప్పకపోతే, ఇంటికి రాగానే కడగాల్సింది పైభాగం కాదు, అడుగు.